ఇంటి దగ్గరి గద్దలను ఫోన్‌తో ఫొటో తీయాలా? జూమ్ కన్నా ముందు దూరం చూడండి

కొత్త ఫోన్ రాగానే చంద్రుడి మీద జూమ్ టెస్ట్ చేయడం మనందరికీ అలవాటే. కానీ అంతకన్నా కఠినమైన టెస్ట్ మన టెర్రస్ మీదే ఉంది. అదే గద్ద. ఒకచోట ఆగదు, వెనక ఆకాశం మెరుస్తుంటుంది, దగ్గరికి రానివ్వదు. హైదరాబాద్‌లో ఆఫీస్ లాగిన్‌కి ముందు రెండేళ్లుగా నేను తీస్తున్నవి ఈ ఫొటోలే. ఏం పనిచేస్తుందో చూద్దాం.

ఏది ఏ పక్షి?

గోధుమ రంగు ఒళ్లు, చివర చీలినట్టుండే తోకతో పైన చక్కర్లు కొట్టేది మామూలు గద్ద. ఇటుక రంగు ఒళ్లు, తెల్లటి తల ఉంటే గరుడ పక్షి. ఇది చెరువుల దగ్గర ఎక్కువ. పావురమంత సైజులో చెట్ల మధ్య రివ్వున దూసుకుపోయేది షిక్రా అనే చిన్న డేగ.

జూమ్ లెక్క

గద్ద రెక్కలు చాపితే దాదాపు 1.5 మీటర్లు. అది 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 24 ఎంఎం మెయిన్ కెమెరాకి అక్కడ 45 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అంటే గద్ద ఫ్రేమ్‌లో 30వ వంతే. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4000 పిక్సెల్స్ కాబట్టి దానికి దక్కేవి 133! డిజిటల్ జూమ్ వాటినే సాగదీస్తుంది. అదే 120 ఎంఎం, అంటే 5ఎక్స్ టెలిఫొటో అయితే 660కి పైగా వస్తాయి. దూరం సగమైతే ఏ లెన్స్‌కైనా ఈ అంకె రెట్టింపు.

ఓ చిన్న చెక్: 5ఎక్స్ నొక్కి, మెయిన్ లెన్స్‌ను వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడితే ఫోన్ టెలిఫొటో వాడట్లేదు, మెయిన్ కెమెరానే క్రాప్ చేస్తోంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు ఇలాగే చేస్తాయి.

టెలిఫొటో లేదా? 8ఎక్స్ బైనాక్యులర్ ఐపీస్‌కి మెయిన్ కెమెరాను ఆనించి తీయండి. డిజిటల్ జూమ్ కన్నా చాలా నయం.

సెట్టింగ్స్

• షట్టర్: ఎగిరే పక్షికి 1/1000 లేదా అంతకన్నా వేగం. కూర్చుంటే 1/250 చాలు.
• ఎక్స్‌పోజర్: ఆకాశం ముందు పక్షి నల్లటి నీడలా వస్తుంది. +1 దాకా పెంచండి.
• ఫోకస్: ఖాళీ ఆకాశంలో ఆటోఫోకస్ తడబడుతుంది. దూరంగా ఉన్న వాటర్ ట్యాంక్ మీద ముందే లాక్ చేసుకోండి.
• బర్స్ట్: ఒక్కో షాట్ కాదు, వరసగా పది తీయండి.

ఏఐ జూమ్‌తో జాగ్రత్త. షిక్రాను గుర్తుపట్టడానికి రొమ్ము మీది గీతలు, కంటి రంగు కీలకం. సాఫ్ట్‌వేర్ అక్కడ లేని గీతలు గీసిందంటే ఫొటో ఎంత అందంగా ఉన్నా ఆధారంగా పనికిరాదు.

మీరు వెళ్లకండి, దాన్నే రానివ్వండి

లెన్స్ మార్చకుండా దూరం తగ్గించే మార్గం టైమింగ్. పొద్దున్నే నేల ఇంకా వేడెక్కదు, పైకి లేపే గాలి ఉండదు. అందుకే గద్దలు టవర్ల మీద, ట్యాంకుల మీద కూర్చుంటాయి. వారం పాటు టైమ్, చోటు షీట్‌లో రాసుకోండి, ప్యాటర్న్ దొరుకుతుంది. మా ఎదురు వేపచెట్టుకి షిక్రా వచ్చేది ఏడు గంటల ప్రాంతంలో అని నాకు అలాగే తెలిసింది. గదిలో లైట్ ఆపి, ఫోన్‌ను కిటికీ అద్దానికి ఆనిస్తే రిఫ్లెక్షన్ రాదు, దానికి మీరూ కనిపించరు.

పక్షి మీ వైపే తేరిపార చూస్తున్నా, రెట్ట వేసి ముందుకి వంగినా ఎగరబోతోందని అర్థం. అప్పుడు కదలకండి. తినేటప్పుడు బెదిరిస్తే అది ఆహారం వదిలేసి పోవచ్చు. గూట్లో పిల్లలుంటే ఆ పూట పస్తు వాటికి కూడా. అందుకే గూడు జోలికి పోవద్దు, దాని లొకేషన్ పోస్ట్ చేయొద్దు, డ్రోన్ అసలే వద్దు. చికెన్ ముక్కలు విసిరి రప్పించడమూ తప్పే. అలా అలవాటుపడిన గద్ద రేపు పిల్లాడి చేతిలోని టిఫిన్ మీదికి దిగుతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి వర్తిస్తుంది.

మంచి షాట్ పడితే తేదీ, ఏరియా రాసి ఈబర్డ్‌లో అప్‌లోడ్ చేయండి. ఫొటో తీసేశాక కూడా పక్షి అదే కొమ్మ మీద ఉందంటే, మీ దూరం కరెక్టే.