మన్నారు పగడపు దీవులు - విద్యార్థుల యాత్ర

వీపున ఒక సంచి తగిలించుకొని, స్వల్ప వ్యయముతో దూరప్రదేశములను చూచి రావలెనను కోరిక నేటి యువతీయువకులలో ప్రబలముగా నున్నది. అండమాను, లక్షద్వీపముల పగడపు దిబ్బల చిత్రములను చూచి, పై తరగతుల విద్యార్థులు తమను కూడ పంపుమని ఇంట అడుగుచుందురు. పంపవచ్చునా యని తల్లిదండ్రులు సంకోచించుట సహజము. అంత దూరము పోనక్కరలేదనియు, మన పొరుగు జిల్లాల తీరముననే అట్టి దిబ్బలు కలవనియు, బయలుదేరుటకు ముందు పిల్లలకు ఇంటివద్ద నేర్పవలసిన పాఠమొకటి కలదనియు తెలుపుటకే ఈ వ్యాసము.

పగడమనగానే మన స్త్రీలు మంగళసూత్రమున నల్లపూసలతో కూర్చుకొను ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. ఆభరణములకు వాడు ఆ ఎఱ్ఱ పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చినది. మన తీరమున దిబ్బలు కట్టు పగడము వేఱు. తమిళమున 'పవళప్పారై' అని పిల్లలు వినుచున్నది దీనినే. చూపునకు రాయివలె నున్నను అది రాయి కాదు, సజీవమైన ప్రాణుల సముదాయము. కొన్ని మిల్లీమీటర్ల పరిమాణము గల మెత్తని జీవులు వేలకొలది ఒకచోట చేరి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి గట్టి గూడు కట్టుకొనును. వాని దేహములలో కంటికి కానరాని నాచు వసించి, సూర్యరశ్మితో ఆహారము చేసి వానికి పంచును. అందుచేతనే ఈ దిబ్బలు వెలుతురు చొచ్చు లోతులేని వెచ్చని నీటిలో పెరుగును. నీరు మితిమీరి వేడెక్కినచో నాచు వెడలిపోయి పగడము తెల్లబడును. ఆ స్థితి కొనసాగినచో పగడము చచ్చును. మన్నారు సింధుశాఖలో 2010లోను, 2016లోను ఇట్లు పగడములు తెల్లబడినవి.

బండవలె పెరుగు పగడము ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగును. మూరెడు ఎత్తు పెరుగుటకు నలుబది ఏండ్లకు పైగా పట్టును. అనగా మన విద్యార్థి తండ్రి పసివాడుగా నున్ననాడే అది మొదలైనది. దానిపై అడుగు మోపినచో పైనున్న జీవము నలిగిపోవును.

తూత్తుకుడి మొదలు రామేశ్వరము వరకు తీరము పొడవున 21 చిన్న దీవులు కలవు. ఈ దీవులను, చుట్టునున్న సముద్రమును కలిపి సుమారు 560 చదరపు కిలోమీటర్ల మేర 1986లో ప్రభుత్వము సముద్ర జాతీయ ఉద్యానవనముగా ప్రకటించినది. వందకు పైగా పగడపు జాతులు, శంఖములు, తాబేళ్లు, సముద్రపు గుఱ్ఱములు, తమిళులు 'కడల్ పసు' అని పిలుచు సముద్రపు ఆవులు ఇచ్చట నివసించును. అయితే ఆ 21 దీవులలో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు ఇప్పటికే నీట మునిగిపోయినవి. పూర్వము సున్నమునకును, కట్టడములకును పగడపు రాళ్లను పడవలకొలది తవ్వి తీసిరి. అలలను విఱుగగొట్టు దిబ్బ పోయిన పిమ్మట దీవి నిలువదు. తూత్తుకుడి దగ్గర తరిగిపోవుచున్న వాన్ దీవిని కాపాడుటకు నీటిలో కృత్రిమ దిబ్బలను అమర్చవలసి వచ్చినది.

ఇక ప్రయాణము. రాజపాళయమునుండి మదురైకి బస్సులోను, అచ్చటినుండి మండపము, రామేశ్వరములకు రైలులోను పోవచ్చును. 1914 నాటి పాంబన్ రైలు వంతెనకు బదులు నిర్మించిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. నైరుతి ఋతుపవన కాలమున మన్నారు సింధుశాఖ అల్లకల్లోలముగా నుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుఫానుల భయము కలదు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫాను ధనుష్కోడి ఊరిని నాశనము చేసి, ప్రయాణికులతో నున్న రైలును సైతము ముంచివేసినది. కావున జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములు ఈ యాత్రకు అనుకూలమైనవి.

పిల్లలకు చెప్పవలసిన నియమములు నాలుగు. మొదటిది, అటవీ శాఖ అనుమతి లేనిదే ఏ దీవిపైనను దిగరాదు. ఎవరో తక్కువ బాడుగకు పడవ ఇచ్చెదమన్నను ఎక్కరాదు. రెండవది, ఈత వచ్చినవారైనను ఒంటరిగా నీట దిగరాదు. మూడవది, తీరమున చేపలు పట్టువారును, సముద్రపు నాచు ఏరుకొని జీవించు స్త్రీలును శ్రమజీవులు. వారి అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఒడ్డున దొరికినను, అంగడిలో కనబడినను, పగడపు ముక్కను సంచిలో వేసికొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి ఈ పగడములు 2001లో చేర్చబడినవి. వానిని తీయుటయు, అమ్ముటయు, కొనుటయు నేరములు.

సేతువు ఇసుకను గొనిపోయి ప్రయాగలో కలిపి, గంగాజలమును తెచ్చి రామనాథునకు అభిషేకము చేయించుట మన పెద్దల ఆచారము. అందు తీసికొన్నదానికి బదులు ఇచ్చుట కలదు. పగడమును విఱిచి తెచ్చినవాడు దానికి బదులుగా సముద్రమునకు ఇయ్యగలిగినది ఏదియు లేదు.

పిల్లలను పంపుడు. తిరిగి వచ్చిన పిమ్మట ఏమి తెచ్చితివని అడుగక, ఏమి చూచితివని అడుగుడు. కొండల నీడను పెరిగిన మన పిల్లలకు సముద్రజీవుల పేర్లు తమిళమున కొన్ని తెలిసియుండును, తెలుగున తెలియవు. చూచినవాని పేర్లను రెండు భాషలలోను వ్రాయించి, దానితో రెండు పుటల యాత్రావర్ణనను తెలుగున వ్రాయింపుడు. అట్టి వ్యాసములను వచ్చే సంచికలో సంతోషముతో ప్రకటించెదము.