స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోదు, అసలు చాట్‌నూ కాపాడుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆరు నెలలైంది. 60 వేల అడ్వాన్సు తిరిగిస్తానని ఓనర్ అప్పట్లో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఇప్పుడేమో ‘నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అంటున్నారు. ఆ చాట్ నా ఫోన్లో ఉంది, ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటోంది. స్క్రీన్‌షాట్లు తీస్తే కోర్టులో చెల్లుతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లుతాయమ్మా. కాకపోతే తీయడంలో, దాచడంలో, కోర్టుకు ఇవ్వడంలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

ముందు తీయడం సంగతి. దీనికి వేరే యాప్ అక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట, ప్రింట్ స్క్రీన్ మీట కలిపి నొక్కితే తెర మొత్తం బొమ్మగా మారి పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో చేరుతుంది. మ్యాక్‌లో అయితే కమాండ్, షిఫ్ట్, 3 కలిపి నొక్కాలి. విండోస్, షిఫ్ట్, ఎస్ నొక్కి కావలసిన ముక్కనే తీసుకోవచ్చు గానీ, కోర్టు కోసమైతే తెర మొత్తం తీయడమే మేలు. తెర మూలన ఉండే తేదీ, సమయం కూడా పడతాయి. పైన ‘ఓనర్ సార్’ అని మీరు పెట్టుకున్న పేరు మాత్రమే కనిపిస్తే అది ఎవరి మెసేజో తేలదు. ప్రొఫైల్ తెరిచి, ఫోన్ నంబరు కనిపించేలా మరొకటి తీయండి. చాట్ పొడవుగా ఉంటే ఒక షాట్‌లోని చివరి మెసేజ్ తర్వాతి షాట్‌లో మొదట రావాలి. అప్పుడు మధ్యలో ఏదో దాచారనే వాదనకు తావుండదు.

తీసిన వాటిని కత్తిరించకండి, ఎర్ర గీతలు పెట్టకండి. కోర్టు కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అసలు చాట్ ఉన్న ఫోన్‌ను కేసు తేలేదాకా రీసెట్ చేయకండి, ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వకండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ప్రతులతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ‘ఎ’ భాగం మీరు, ‘బి’ భాగం నిపుణుడు నింపి సంతకం చేయాలి. ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ కూడా అందులో రాయాలి. ఫైలులో చిన్న మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది. పాత సాక్ష్య చట్టం 65-బి సెక్షన్ కింద కూడా, అసలు పరికరాన్నే కోర్టులో చూపి రుజువు చేస్తే తప్ప ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చింది.

ముందు లాయర్ ద్వారా నోటీసు పంపండి. బాకీ వసూలు దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు, ఆలస్యం చేయకండి. లాయర్ ఫీజు గురించి వెనకాడకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు ఇవ్వండి.