బెంగళూరు భూకంప మైక్రోజోనేషన్

ఒకే భూకంపం ఊరంతటినీ ఒకేలా కుదిపేయదు. గట్టి రాతి మీది ఇంటికంటే మెత్తని పూడిక మట్టి మీది ఇల్లు ఎక్కువ ఊగుతుంది. 2001 జనవరి 26న భుజ్‌లో భూమి కంపిస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. నగరాన్ని చిన్న భాగాలుగా విడదీసి ఒక్కో చోట నేల తీరును లెక్కగట్టడమే మైక్రోజోనేషన్.

భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం రూపొందించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893. దాని 2002 సవరణ భూకంప ముప్పును బట్టి దేశాన్ని 2 నుంచి 5 వరకు నాలుగు జోన్లుగా విభజించింది. అందులో బెంగళూరు తక్కువ ముప్పున్న జోన్ 2లో పడింది. ఆ భరోసా చాలదని భారతీయ విజ్ఞాన సంస్థ సివిల్ ఇంజినీర్లు టి.జి. సీతారామ్, పి. అన్బళగన్ పరిశోధన చాటింది. సుమారు 220 చదరపు కిలోమీటర్లలో బోరు రంధ్రాల వివరాలు సేకరించారు. నేలను సుత్తితో కొట్టి, వరుసగా పాతిన జియోఫోన్లతో తరంగాలు నమోదు చేసి, మట్టిలో వాటి వేగం కనుగొన్నారు. వేగం తగ్గితే నేల మెత్తన, కుదుపు ఎక్కువ. మండ్య–చన్నపట్న–బెంగళూరు భూ పగులు రేఖ వెంట 5.1 తీవ్రత గల భూకంపం రావచ్చని అంచనా వేశారు.

బెంగళూరులోని చిక్కపేటకు ఈ మెత్తని నేల ముప్పు దగ్గరి విషయం. 1537లో కెంపేగౌడ నెలకొల్పిన ఆ పాత పేటకు నీళ్లిచ్చిన ధర్మాంబుధి చెరువు స్థలంలోనే నేటి మెజెస్టిక్ బస్టాండు ఉంది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమైంది. ఇలా పూడ్చిన చెరువు గర్భాల్లో మట్టి పరీక్ష లేకుండా భవనాలకు అనుమతి ఇవ్వకూడదు.