పచ్చిగా తింటేనే బలమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 52 ఏళ్లు. రెండేళ్ల క్రితం కిడ్నీలో రాయి పడి, మందులతో పోయింది. ఈమధ్య ఎవరో చెప్పారని వండిన కూరలు మానేశారు. పొద్దున్నే గ్లాసెడు పచ్చి పాలకూర రసం, రెండు పచ్చిగుడ్లు. మధ్యాహ్నం మొలకెత్తిన శనగలు, క్యారెట్, క్యాబేజీ తురుము. పొయ్యి మీద పెడితే సత్తువంతా పోతుందంటారు. కడుపుబ్బరంతో అవస్థ పడుతున్నా వినడం లేదు. వండితే నిజంగానే పోషకాలు పోతాయా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ పాలకూర రసం ఈ రోజే ఆపించండి. పాలకూరలో ఆక్సలేట్లు బాగా ఎక్కువ. అవి మూత్రంలో కాల్షియంతో కలిసి రాళ్లు కడతాయి. కూరగా వండితే నాలుగు ముద్దలకు మించి తినలేని ఆకు, మిక్సీలో వేస్తే కట్టలకు కట్టలు గ్లాసులోకి దిగిపోతుంది. రోజూ ఇలా తాగి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. ఒకసారి రాయి పడిన మనిషి అసలే తాగకూడదు. క్రియాటినిన్ పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించండి. ఎప్పుడైనా పాలకూర తినాలనిపిస్తే ఉడికించి, నీళ్లు పారబోసి, పెరుగన్నంతో కొద్దిగా తినమనండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్లను పేగుల్లోనే పట్టేస్తుంది.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. విటమిన్ సి, ఫోలేట్ వేడికి తగ్గుతాయి, నీళ్లలోకి దిగిపోతాయి. జామకాయ, ఉసిరికాయ పచ్చిగా తినడమే మేలు. పప్పులో నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలి. కానీ మన ఇళ్లలో సెగకన్నా నీళ్లతోనే ఎక్కువ నష్టం జరుగుతోంది. ఆకును తరిగాక కడుగుతాం, ముక్కలు మునిగేలా నీళ్లు పోసి ఉడికించి వంపేస్తాం. తోటకూర కట్ట విప్పి ముందే కడిగి, తరిగి, ఆకుకంటిన తడితోనే మూకుట్లో వేసి, మూతపెట్టి సన్నసెగన మగ్గించండి. పోయేది చాలా తక్కువ.

ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఊళ్లను పీడించింది. మరపట్టిన తెల్లబియ్యం తినడం, దాన్ని మళ్లీ మళ్లీ కడగడం, గంజి వార్చి పారబోయడం వల్ల విటమిన్ బి1 కరువైంది. 1918లో కూనూరులో ఆ జబ్బు మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలైన కేంద్రమే 1958లో హైదరాబాద్ చేరి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.

కొన్నిటికైతే వండితేనే విలువ. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ గట్టి కణాల గోడల మధ్య ఉంటాయి. ఉడికితే ఆ గోడలు మెత్తబడతాయి, చెంచాడు నూనె తోడైతే ఒంటికి బాగా పడతాయి. మన టమాటా పప్పులో పోపు రుచికి మాత్రమే కాదన్నమాట. గుడ్డు సంగతి మరీ స్పష్టం. 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, ఉడికిన గుడ్డు ప్రోటీన్ 90 శాతం దాకా అరిగింది, పచ్చిగుడ్డుది సగమే. పైగా పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా భయం. ఆ రెండు గుడ్లూ ఉడకబెట్టి ఇవ్వండి.

ఉబ్బరానికి కారణం చాలావరకు ఆ పచ్చి శనగలే. మొలకలు మంచివే, కానీ గింజ మొలకెత్తే వెచ్చని తడిలోనే సూక్ష్మక్రిములూ పెరుగుతాయి. ఆవిరి మీద మెత్తబడేదాకా ఉంచి, పోపు పెట్టండి. వారం పది రోజుల్లో ఉబ్బరం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

క్యాబేజీ విషయంలో మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. మురుగునీటితో పండిన ఆకుల మడతల్లో పంది బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు. అవి కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ వస్తాయి. పంది మాంసం ముట్టనివాళ్లకీ ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. పై ఆకులు తీసేసి, ఒక్కో ఆకూ విడదీసి కుళాయి ధార కింద కడిగి, వండే తినండి.

ప్రశ్న: హాస్టల్లో సగం ఉడికిన రాజ్మా తిన్న మా అమ్మాయికి రెండు గంటల్లో వాంతులయ్యాయి. అలర్జీయా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: కాకపోవచ్చు. ఎర్ర రాజ్మా గింజల్లోని లెక్టిన్ పచ్చిగా ఉంటే సరిగ్గా ఇలాగే చేస్తుంది. సాధారణంగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది, ఓఆర్‌ఎస్ తాగిస్తే చాలు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి. తక్కువ వేడి మీద గంటల తరబడి పెట్టే స్లో కుక్కర్ దీనికి పనికిరాదు. సరిగ్గా ఉడికిన రాజ్మా తిన్నా వాంతులైతే అప్పుడు అలర్జీ పరీక్షకు తీసుకెళ్లండి.