కొనకపోతే వేసే భయం



పండుగ దగ్గరపడితే మన గవర్నర్‌పేటలో కాలు పెట్టే చోటుండదు. బీసెంట్ రోడ్డు పొడవునా బట్టలు, చెప్పులు, గాజులు, స్టీలు సామాను. ఆ జనంలోంచి సంచులు నింపుకొని బయటికి వచ్చే ఇద్దరు మన కంటికి ఒకేలా కనిపిస్తారు. కాని ఒకరికి కొనడం సరదా, మరొకరికి కొనకపోతే ఊపిరాడదు. ఈ వారం ఆ రెండవ వ్యక్తిని గురించి చెప్పుకుందాం.

కొన్నేళ్ళ క్రితం ఒక గృహిణి భర్తతో వచ్చి గురుమందిరం వరండాలో కూర్చుంది. (పాపసంకీర్తనంలో విన్నది ఏ గురువూ రాయడు. ఇది వరండాలో చెప్పిన మాట. ఆమె అనుమతితో, ఆనవాలు తెలియకుండా రాస్తున్నాను.) అంగడిలో ఏదైనా వస్తువును ముట్టుకుంటే ఆమె దాన్ని తిరిగి పెట్టలేదు. తన చేతి మురికి దానికి అంటిందని, ఇంకెవరో కొంటే వాళ్ళ పిల్లలకు జబ్బు చేస్తుందని, ఆ పాపం తనదేనని ఆలోచన. పైగా ఒక్కటే కొంటే కీడు, రెండు కొంటేనే ఇంటికి క్షేమం. సబ్బులు, ఫినాయిలు సీసాలు, దువ్వెనలు మంచం కింద మూటలు పడి ఉన్నాయి. వాటిని వాడేవారు లేరు. ఇంటి ఖర్చుకు దాచిన డబ్బు అయిపోయి చీటీ డబ్బు కూడా పోయింది.

"మా ఆవిడకు దురాశ తగ్గేలా కాస్త బుద్ధి చెప్పండి ఫాదర్" అన్నాడు భర్త.

"నాకవి ఏవీ వద్దు ఫాదర్. వద్దు వద్దనుకుంటూనే కొంటున్నాను" అంది ఆమె.

నేను ఆ రెండో మాట వినిపించుకోలేదు. తృప్తిని గురించి చిన్న ప్రసంగం చేసి పంపించాను. అప్పటికే భయంతో నలిగిపోతున్న మనిషి నెత్తిన దురాశాపరురాలన్న నింద కూడా పెట్టానన్నమాట. మా విచారణలో నర్సుగా సేవచేసే ఒక మఠకన్య సంగతి విని, "ఇది బుద్ధి చెబితే పోయేది కాదు ఫాదర్, డాక్టరుకు చూపించాలి" అన్నారు. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ అంటారు. జీవితకాలంలో నూటికి ఒకరిద్దరికి వస్తుంది. ఇష్టం లేని ఆలోచన మనసులోకి చొరబడుతుంది. దాని భయం తీరడానికి మనిషి ఏదో ఒకటి చేస్తాడు. చేయగానే కాసేపు నెమ్మది. ఆ నెమ్మదే ఉచ్చు: రేపు భయం వేస్తే మళ్ళీ అదే చేయాలి. చేతులు పదేపదే కడగడం, తాళం పదిసార్లు చూడడం మనకు తెలిసినవే. కొనడం కూడా అటువంటి పని కావచ్చునని మాత్రం తెలిసినవారు తక్కువ.

అలాగని ఎక్కువగా కొనేవారందరికీ ఓసీడీ అనుకోకూడదు. అదుపులేని కొనుగోలును జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1915లోనే వర్ణించాడు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక దానిని ఉద్రేకాన్ని ఆపుకోలేని జబ్బుల వరుసలో పేర్కొంది. ఓసీడీకి వేరే శీర్షిక ఉంది. ఆ జబ్బులో కొనేముందు ఉబలాటం, కొంటున్నప్పుడు హుషారు, తరువాత సిగ్గు, అప్పు. ఓసీడీలో మొదటినుంచీ హుషారన్నదే లేదు. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. తేల్చవలసింది మానసిక వైద్యుడే గాని గురువో అత్తగారో కాదు. ఇప్పుడు చేతిలోని ఫోను కూడా అంగడే. బీసెంట్ రోడ్డులో రాత్రికి తలుపులు వేస్తారు, ఫోనులో వేసేవారు లేరు.

మరి ఇది పాపమా? సెమినరీలో మాకు అరిస్టాటిల్ చెప్పిన ఉదాహరణ ఒకటి నేర్పారు. తుపానులో ఓడ మునిగేటప్పుడు నావికుడు సరుకును సముద్రంలో పారవేస్తాడు. ఇష్టపడి చేశాడా? చేతులు అతనివే, కాని చేయించింది భయం. మన సోదరిది అదే కథ, తలకిందులుగా: అతడు భయంతో సరుకు పారేశాడు, ఈమె భయంతో సరుకు ఇంటికి తెచ్చింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1735వ పేరాలో భయం, అలవాటు, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చు, పూర్తిగా తొలగించనూవచ్చు అని ఉంది. ఈ పేరాను ఆ రోజు వరండాలో నేను మరచిపోయాను.

మన ఆంధ్ర లొయోలా కళాశాల ఏ పునీతుని పేర వెలసిందో ఆ ఇగ్నేషియస్ వారు 1522లో మన్రేసాలో ఉండగా, చెప్పుకున్న పాపాలే సరిగా చెప్పలేదేమోనని మళ్ళీ మళ్ళీ చెప్పుకుని, ప్రాణం తీసుకోవాలన్నంత దూరం వెళ్ళారు. పాతవి ఇక చెప్పుకోనని నిశ్చయించుకున్నాకే ఆయనకు నెమ్మది కలిగింది. ఆయనకు ఓసీడీ ఉందని నేను అనడం లేదు. భయం అడిగినదల్లా ఇస్తే దానికి కడుపు నిండదని ఆయన కనుగొన్నారు.

నేటి చికిత్స దారి కూడా దాదాపు అదే. భయపెట్టేదానికి కొద్దికొద్దిగా ఎదురు నిలిచి, భయం తీర్చే పనిని చేయకుండా ఆగడం నేర్పుతారు. 1966లో లండనులో విక్టర్ మేయర్ ఈ పద్ధతి ఫలితాలను ప్రకటించాడు. మందులూ ఉన్నాయి, గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు, కనుక పది రోజులకే మానేయకండి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్ళలేనివారు ముందు దగ్గరలోని మానసిక వైద్యుని చూడవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవారికి ఒక మాట. సామాను చాటుగా పారవేయకండి, పదిమందిలో తిట్టకండి. అలాగే ఆమె బదులు మీరు కొని తేకండి. "ఏమీ కాదులే" అని రోజుకు ఇరవైసార్లు ధైర్యం చెప్పడం కూడా ఆ భయానికి మేతే. ఎంతవరకు ఎలా సహకరించాలో వైద్యుని అడగండి.

ఆ సోదరికి వైద్యులు ఇచ్చిన ఇంటిపని ఏమిటంటే, బజారుకు వెళ్ళి ఒక దువ్వెనను ముట్టుకుని, అక్కడే పెట్టి, ఉత్త చేతులతో రావడం. నాలుగు సార్లు కొనుక్కునే వచ్చింది. అయిదోసారి వదిలి వచ్చింది. ఆ ఆదివారం పూజ తరువాత గుడి మెట్ల దగ్గర నాతో చెప్పింది: "ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఫాదర్. ఆ దువ్వెన ఎవరు కొన్నారో అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. వెళ్ళి చూడలేదు మాత్రం."