అదురు - వణుకు : ఒక అర్థ పరిశీలన

పర్యాయపదాలు అర్థంలో సన్నిహితాలే గాని, ప్రయోగంలో అభిన్నాలు కావు. ఇందుకు ‘అదురు’ అనే క్రియ చక్కని ఉదాహరణ. వేగంగా చలించడం, కంపించడం దీని సామాన్యార్థం. ‘వణుకు’ అనే క్రియకు కూడా ఇంచుమించు ఇదే అర్థం. ఇంట ఉర్దూ మాట్లాడి తరగతిలో తెలుగు వ్రాసే విద్యార్థి ‘కాంప్‌నా’ అనే ఒక్క మాటను మనసులో ఉంచుకొని, ఈ రెంటినీ ఒకే విధంగా వాడే ప్రమాదం ఉన్నది.

వణుకు కొంతసేపు సాగే కంపం. చలి, జ్వరం, భయం, వార్ధక్యం దీనికి కారణాలు. చలికి ఒళ్లు వణుకుతుంది. ముసలివారి చేయి వణుకుతుంది. దుఃఖంతో గొంతు వణుకుతుంది. ‘గజగజ’, ‘గడగడ’ అనే ధ్వన్యనుకరణ పదాలు దీనికి తోడుగా వస్తాయి. ‘చలికి గజగజ వణికాడు’ అంటాము గాని, ‘గజగజ అదిరాడు’ అనము.

అదురు ఆకస్మికమైనది. మన ప్రమేయం లేకుండా లోపలినుండి పుట్టే త్వరిత చలనమిది. కన్ను అదురుతుంది, కోపంతో ముక్కుపుటాలు అదురుతాయి, దుర్వార్త విని గుండె అదురుతుంది, పిడుగు పడితే ఇల్లు అదురుతుంది. హఠాత్తుగా ఉలికిపడటం ‘అదిరిపడటం’. భయమెరుగని వానికి ‘అదురూ బెదురూ లేదు’ అంటాము.

ఉర్దూ తెలిసినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ‘హాథ్ కాంప్‌నా’ అంటే చేయి వణకడం. ‘ఆంఖ్ ఫడక్‌నా’ అంటే కన్ను అదరడం. ‘దిల్ దహల్‌నా’ అంటే గుండె అదరడం. ‘చౌంక్‌నా’ అంటే అదిరిపడటం. ఉర్దూలో మూడు నాలుగు క్రియలు పంచుకొన్న పనిని తెలుగులో ‘అదురు’ ఒక్కటే నిర్వహిస్తున్నది.

రూపనిష్పత్తిలో మాత్రం ఈ రెండు క్రియలూ ఒకే బాటన నడుస్తాయి. అదురుతుంది, అదిరింది, అదరదు. వణుకుతుంది, వణికింది, వణకదు. తరువాతి అచ్చును అనుసరించి నడిమి అచ్చు ఉ, ఇ, అ లుగా మారుతున్నది. ‘కుదురు’ కూడా ఇట్టిదే. ఈ సూత్రం తెలిసినవాడు ‘అదురింది’, ‘వణుకింది’ అని వ్రాయడు.

భూమి విషయంలో గ్రంథభాష ‘కంపించు’ను ఆదరించింది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చినది ‘భూకంపం’. దానినే ఉర్దూలో ‘జల్‌జలా’ అంటాము. అరబ్బీ నుండి వచ్చిన ఆ మాటలోనూ, మన ‘గజగజ’లోనూ ధ్వని రెట్టించి కంపాన్ని చెవికి వినిపించడం గమనింపదగినది.

నేడు మెచ్చుకోలుగా ‘పాట అదిరింది’ అంటున్నారు. మనసును ఒక్కసారిగా కదిలించిందనే భావం అందులో ఉన్నది గనుక అది నిరాధారం కాదు. కాని అన్నిటికీ అదే మాట వాడితే దాని పదును పోతుంది.

పదభేదం పరీక్షకే పరిమితం కాదు. వైద్యుని ఎదుట ‘చేయి వణుకుతున్నది’ అనడం వేరు, ‘కనురెప్ప అదురుతున్నది’ అనడం వేరు. రెండవది తరచు అలసటవల్ల, నిద్రలేమివల్ల కలుగుతుంది. మొదటిదానికి పరీక్ష అవసరం కావచ్చు. రెండు భాషల సంపద గల మన విద్యార్థులు ఒక భాషతో మరొక భాషను తూచి చూచి, తగిన చోట తగిన మాటను నిలుపుదురు గాక!