పాత మోటారు బండిలో విద్యుత్ దోషములు

మోటారు బండి పాతబడినకొలది యంత్రపు దోషములకన్న విద్యుత్ దోషములే యజమానిని ఎక్కువగా వేధించును. యంత్రము అరిగినచో శబ్దము చేయును, నూనె కారును, పొగ వదలును. తీగెలో దోషమున్నచో పైకి ఏమియు కనిపింపదు. ఒకనాడు బండి కదలును, మరునాడు కదలదు. ఇట్టి దోషమును వెదకక, అనుమానము కలిగిన సామానునెల్ల మార్చుకొనుచు పోయినచో డబ్బు వ్యయమగునే గాని బండి బాగుపడదు. మా యింటనున్న పాత అంబాసిడరు కారును మేమే బాగుచేసికొనబోయి పడిన చిక్కులను ఇచ్చట వివరించుచున్నాము. పంచాయతీ ట్రాక్టరు బాగోగులు చూడవలసిన సభ్యులకు ఇవి ఉపకరింపగలవు. ట్రాక్టరులో నున్నదియు సాధారణముగా ఇట్టి 12 వోల్టుల ఏర్పాటే.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాననుసరించి తయారైన అంబాసిడరు కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. మా బండి 1974 నాటిది, పెట్రోలుతో నడచును. మూడేండ్ల క్రిందట వానకాలములో ఒక ఉదయమున సెల్ఫు కొట్టగా టక్కుమను శబ్దము వచ్చి ఊరకుండెను. నలుగురు త్రోసిన పిమ్మట ఇంజను ప్రారంభమయ్యెను. బ్యాటరీ పాతదగుటచే దానిదే దోషమని తలచి క్రొత్తది కొంటిమి. రెండు వారములు గడచునప్పటికి మరల అదే శబ్దము. మెకానిక్కును పిలిపించితిమి. అతడు అమీటరు ముల్లు చూచి, “డైనమో పోయిందండి, చార్జింగు సరిగా లేదు” అనెను. డైనమో మార్పించితిమి. తరువాత సెల్ఫును విప్పించి బుష్షులు వేయించితిమి. ఇన్ని చేసినను బండి తనకు ఇష్టమైననాడే కదలుచుండెను.

ఈ సమయముననే ప్రమాదము సంభవించినది. బండి తాటాకు పాకలో నుండెను. మా తమ్ముని కుమారుడు లోపల కూర్చుండి విడువక సెల్ఫు కొట్టుచుండగా, బానెట్టు ఎత్తి చూచుచున్న మాకు కార్బురేటరు ప్రక్కనుండి పొగ కనిపించెను. చోకును లాగు ఉక్కు తీగె ఎఱ్ఱబారి, దానిపై తొడుగు కరగుచుండెను. దాని క్రిందనే పెట్రోలు గొట్టము! “ఆపరా, తాళం తీయి!” అని కేక వేసి, బ్యాటరీ తీగెను ఊడబెరికితిమి. మరి కొన్ని క్షణములు ఆలస్యమైనచో కారుతో పాటు పాకయు, దానినానుకొనియున్న వంటయిల్లును దగ్ధమై యుండెడివి.

చోకు తీగెకు విద్యుత్తుతో సంబంధమేమి? ఇది తెలియవలెనన్న మోటారు బండిలో కరెంటు నడచు త్రోవ తెలియవలెను. ఇంటి దీపమునకు రెండు తీగెలు వచ్చును. బండిలో బ్యాటరీ నుండి దీపమునకు పోవునది ఒక్కటే తీగె. తిరిగి వచ్చు త్రోవ బండి యొక్క ఇనుప శరీరమే. దీనినే మెకానిక్కులు ఎర్తు అందురు. అయితే అదరు తగులకుండుటకై ఇంజనును రబ్బరు దిమ్మలపై కూర్చుండబెట్టుదురు. రబ్బరు గుండా కరెంటు పోజాలదు. కావున ఇంజనునకును బాడీకిని నడుమ రాగి తీగెలతో అల్లిన బద్ద నొకదానిని బిగింతురు. మా బండిలో ఆ బద్ద నూనెమడ్డిలో కప్పబడి, పోగులన్నియు తెగి, రెండుమూడు పోగులు మాత్రమే మిగిలియుండెను. సెల్ఫునకు కావలసిన కరెంటు తక్కువది కాదు. 150 ఆంపియర్లు మొదలు 200 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు లాగును. అంత కరెంటు తిరిగిపోవుటకు త్రోవ చాలక, ఇంజనును బాడీని కలుపుచున్న చోకు తీగెను ఆశ్రయించినది. సన్నని ఉక్కు తీగె హీటరు చుట్టవలె కాగినది.

క్రొత్త డైనమో, క్రొత్త బ్యాటరీ వలన ప్రయోజనము లేకపోవుటకు కారణమిదియే. డైనమో యింజనుపైననే యుండును గనుక దాని కరెంటునకు కూడ ఆ బద్దయే త్రోవ. అమీటరు ముల్లు సరిగా కదలలేదని మెకానిక్కు చెప్పినది అబద్ధము కాదు. కారణమునే అతడు వెదకలేదు. మేమును వెదకలేదు. ఒక గుర్తు మొదటినుండియు మా కన్నుల యెదుటనే యుండెను. సెల్ఫు కొట్టునప్పుడు హెడ్‌లైట్లు ఏమాత్రము మందగింపలేదు. బ్యాటరీయే నీరసించియున్నచో, సెల్ఫు తాకిడికి దీపములు మసకబారవలెను. దీపములు చక్కగా వెలుగుచు సెల్ఫు మాత్రము తిరుగలేదనగా, కరెంటు బ్యాటరీలో నున్నది గాని సెల్ఫు వరకు పోయి వచ్చు త్రోవలో ఎచటనో అడ్డున్నదని అర్థము.

ఆ అడ్డును కనుగొనుటకు మల్టీమీటరు చాలును. అది కొన్ని వందల రూపాయలకే దొరకును. బాగుగ చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి నడువక నిలిచియున్నప్పుడు, సుమారు 12.6 వోల్టులు చూపవలెను. సెల్ఫు కొట్టునప్పుడు 10కి దిగువకు పడరాదు. ఇంజను నడచునప్పుడు 14కు దగ్గరగా నుండవలెను. ఈ మూడును చూచిన తరువాత మీటరు ముల్లు నొకదానిని బ్యాటరీ ఎర్తు బొడిపెపైనను, రెండవదానిని ఇంజను ఇనుముపైనను ఉంచి సెల్ఫు కొట్టించవలెను. త్రోవ బాగుగనున్నచో అర వోల్టునకు మించి చూపదు. మా బండిలో 4 వోల్టులు చూపినది. లెక్క సులభమే: 200 ఆంపియర్లు పోవు త్రోవలో ఓమునందు నూరవ వంతు నిరోధమున్నను 2 వోల్టులు అచటనే నశించును. చేతితో తాకిన బిగువుగనే యున్నదనిపించు తుప్పుపట్టిన బోల్టునకు ఆపాటి నిరోధము ఉండవచ్చును. క్రొత్త రాగి బద్దను, దానిని బిగించు చోట రంగును తుప్పును గరుకు కాగితముతో గీకి, అమర్చితిమి. బండి ఒక్క త్రిప్పుతో ప్రారంభమైనది. బద్ద ఖరీదు డైనమో ఖరీదులో పదవ వంతు కూడ కాదు.

మీటరును ఆంపియర్ల గుర్తువద్ద ఉంచి బ్యాటరీ రెండు బొడిపెలకు తాకింపరాదు. మేము అట్లే చేసి మొదటి మీటరును పోగొట్టుకొంటిమి.

బ్యాటరీ విషయమై మరికొంత చెప్పవలసియున్నది. 12 వోల్టులు షాకు కొట్టవు గనుక భయము లేదని చాలమంది తలంతురు. షాకు కొట్టదన్న మాట నిజమే. (కాయిల్ నుండి ప్లగ్గులకు పోవు తీగె వేరు, అందు వేలకొలది వోల్టులుండును.) కాని పానా జారి బ్యాటరీ బొడిపెను బాడీతో కలిపినచో వందలకొలది ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహించును. చేతి ఉంగరమో గడియారపు గొలుసో మధ్య చిక్కినచో ఎముక వరకు కాలును. కాబట్టి పని ప్రారంభించునప్పుడు ఎర్తు తీగెను మొదట విప్పవలెను, చివర బిగింపవలెను. ఎర్తు బొడిపె విప్పునప్పుడు పానా బాడీకి తగిలినను నష్టము లేదు. రెండును ఒకే త్రోవలోనివి గదా. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ధన బొడిపెయే బాడీకి కలుపబడియుండును. తీగె ఎటు పోవుచున్నదో చూచి నిర్ణయింపవలెను గాని గుడ్డిగా ఇది ఎర్తు అని అనుకొనరాదు. చార్జి అగునప్పుడు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెడలును. గాలిలో అది నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పురవ్వకు ప్రేలును. నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయుట, బీడీ నోట నుంచుకొని వంగి చూచుట ప్రాణాపాయకరములు. బొడిపెల చుట్టు పట్టిన తెల్లని పొక్కును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిదప వాజలీను పూయవలెను. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు.

ఫ్యూజుల విషయము. ఆనాటి ఇంగ్లీషు పద్ధతి కార్లలో రెండే ఫ్యూజులుండెడివి. హెడ్‌లైట్లకు, కాయిల్‌కు అసలు ఫ్యూజు లేదు. ఉన్న రెండింటిలో నొకదానికి పూర్వపు యజమాని సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టియుండెను. ఫ్యూజు కాలుచున్నదనగా ఎచటనో తీగె బాడీకి తగులుచున్నదని అర్థము. అట్టి సందర్భమున లావు తీగె చుట్టినచో ఫ్యూజు కాలదు, బండి కాలును.

క్రొత్త బద్ద వేసిన తరువాత కూడ, ఐదారు రోజులు కదలక నిలిచినచో మా బ్యాటరీ దిగిపోవుచుండెను. ఎర్తు తీగె విప్పి, బొడిపెకును తీగెకును నడుమ చిన్న 12 వోల్టుల బల్బును పెట్టి చూచితిమి. అన్ని స్విచ్చులు ఆపియున్నను బల్బు ఎఱ్ఱగా వెలిగెను. ఏదో కరెంటును త్రాగుచున్నది. తీగెల నొక్కొక్కటిగా విడదీయుచు పోవలెను. లూకాస్ పద్ధతిలో గోధుమరంగు తీగె ఎల్లప్పుడు కరెంటు గలది, తెల్లనిది తాళము త్రిప్పిన పిమ్మట వచ్చునది, ఆకుపచ్చ తీగె ఫ్యూజు దాటినది, నల్లనిది ఎర్తు. ఈ నాలుగు తెలిసినచో సగము శ్రమ తగ్గును. కాని మా బండిలో చేయి పెట్టిన ప్రతివాడును తన సంచిలోని ఎఱ్ఱ తీగెనే అన్నిటికిని అతికియుండెను! రెండు ఆదివారములు వెదకగా, సీటు క్రింద ఎన్నడో మరచిన పాటల ఆంప్లిఫయరు దొరకెను. అది లాగినది అర ఆంపియరే. అయినను 60 ఆంపియరు-గంటల బ్యాటరీని ఐదు రోజులలో ఖాళీ చేయుటకు అది చాలును.

ఇక ట్రాక్టరు సంగతి. తెలంగాణములో పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి ట్యాంకర్లు సమకూరినవి. నీరు, బురద, చెత్త నడుమ తిరుగు ఈ బండ్లలో ఎర్తు కీళ్లు మరింత త్వరగా చెడును. బ్యాటరీకో, డైనమో స్థానమున వచ్చిన ఆల్టర్నేటరుకో, సెల్ఫునకో బిల్లు వచ్చినప్పుడు, “వోల్టులు కొలిచి చూచితిరా, ఎంత వచ్చినది?” అని సభ్యులు అడుగవచ్చును. ఆ అంకెలను బిల్లు వెనుక వ్రాయించుట ఇంకను మేలు.

ట్రాలీ వెనుక దీపములలో ఇదే దోషము మరియొక రూపమున కనిపించును. చాలచోట్ల ట్రాలీకి ఎర్తు తీగె వేయక, కొక్కెపు పిన్నునే త్రోవగా విడిచిపెట్టుదురు. పిన్ను వదులై, గ్రీజు, మట్టి పట్టగానే దీపములు మిణుకుమిణుకుమనును. బ్రేకు త్రొక్కినచో రెండును ఆరిపోవును. చీకటిలో రోడ్డుపై నిలిచిన ట్రాలీని వెనుకనుండి వచ్చు మోటారు సైకిలువాడు చూడలేడు. ట్రాక్టరు ఛాసిస్ నుండి ట్రాలీ దీపముల వరకు ప్రత్యేకముగా నల్లని ఎర్తు తీగె నొకటి లాగించి, కొనలకు లగ్గులు వేయించి, ప్లగ్గు ద్వారా కలిపించవలెను. అది ఒక పూట పని. పిదప సాయంకాలమున ఒకరు బ్రేకు త్రొక్కుచుండగా మరియొకరు వెనుక నిలిచి రెండు దీపములును చూడవలెను.